మంచం మీంచి చూస్తే

(విజయనగరంలో నర్సింగు విద్యార్థినుల ముందు, కొందరు ఊరి పెద్దల ముందు ఒక రిటైర్డ్ హెడ్ నర్సు చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. బాబూ, ఆ మైకు కొంచెం తగ్గించు. చప్పుడు గురించి మాట్లాడ్డానికి వచ్చి నేనే మీ చెవులు గింగురుమనిపిస్తే బాగోదు. (నవ్వులు) ఆఁ, చాలు.

నేను 34 ఏళ్ళు వార్డుల్లో తిరిగాను. తిరిగాననే అంటున్నాను, కూర్చున్నానని కాదు. మీలో డ్యూటీలు మొదలైన పిల్లలకి ఆ తేడా తెలుసు. అన్నేళ్ళు తిరిగాక, వార్డంటే నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలీదని ఒక గర్వం ఉండేది. రిటైరైన రెండో ఏడు ఇంట్లో బాత్రూంలో జారిపడ్డాను. కాలు విరిగింది, ఆపరేషన్ చేసి రాడ్డు వేశారు. తొమ్మిది రోజులు మంచం. ఏ ఊరు, ఏ ఆసుపత్రి అని అడక్కండి, చెప్పను.

మత్తు దిగి కళ్ళు తెరిచేసరికి సరిగ్గా నా ముఖానికెదురుగా ట్యూబులైటు. ఒక కొస నల్లబడిపోయి కొట్టుకుంటోంది. దాని పక్కన ఫ్యాను, రెక్కల అంచుల్లో వేలెడు మందాన దుమ్ము. ఆ పక్కన స్లాబుకి చెమ్మ మచ్చ. తొమ్మిది రోజులూ ఇదే నా ప్రపంచం. అప్పుడు నాకు సిగ్గేసింది. 34 ఏళ్ళలో ఒక్కసారైనా తలెత్తి వార్డు పైకప్పు చూశానా? చూళ్ళేదు. నా చూపంతా నడుం ఎత్తులోనే ఉండేది. కేస్ షీటు, చేతికి సెలైన్ ఎక్కించే క్యాన్యులా, డ్రెస్సింగు. మనం నిలబడి చూసే వార్డు వేరు, రోగి వెల్లకిలా పడుకుని చూసే వార్డు వేరు. ఇవాళ నేను చెప్పేదంతా ఆ మంచం మీంచి చూసిందే.

ఈ సంగతి నాకంటే చాలా ముందే కనిపెట్టినాయన ఒకడున్నాడు. ఫిన్లాండులో ఆల్వార్ ఆల్టో అనే ఆర్కిటెక్టు. పైమియో అనే ఊళ్ళో క్షయరోగుల శానటోరియం కట్టాడు, 1933లో పూర్తయింది. పడుకుని ఉండే మనిషి కోసం గది కట్టాలని ఆయన పట్టుదల. పైకప్పుకి కళ్ళకి హాయిగా ఉండే ముదురు రంగు వేయించాడు. దీపం కంట్లో పడకుండా పెట్టించాడు. అన్నిటికంటే నాకు నచ్చింది చేతులు కడుక్కునే బేసిన్. ఒక రోగి చెయ్యి కడుక్కుంటే నీళ్ళ చప్పుడుకి పక్క మంచం రోగికి ఇబ్బంది కలగకూడదని బేసిన్ వాలునే మార్చి చేయించాడు. మన దగ్గర అర్ధరాత్రి కుళాయి కింద ఖాళీ బకెట్టు పెట్టి తిప్పుతారు చూశారూ, ఆ ధారకి వార్డు వార్డంతా లేచి కూర్చుంటుంది.

సరే, చప్పుడు దగ్గరికి వచ్చాం. నా మంచం పదకొండోది. రాత్రి రెండింటికి ఇంజెక్షన్ల ట్రాలీ వచ్చేది. ముందు చక్రాల్లో ఒకటి కీచు, కీచు, టక్. గచ్చు బండల సందు దాటినప్పుడల్లా టక్. ఆ టక్కుకి పైనున్న కిడ్నీ ట్రేలు గలగలమనేవి. నాలుగో మంచం దగ్గరికి రాకముందే నాకు మెలకువ వచ్చేసేది. ఇంకా ఏడు మంచాలుంది నా వంతు రావడానికి. అంతసేపూ కళ్ళు తెరుచుకుని లెక్కపెట్టుకోవడమే. అలాంటి ట్రాలీలు నేనెన్ని తోశానో! ఆ చప్పుడు నాకు ఏనాడూ వినపడలేదు. తోసేవాళ్ళకి వినపడదు.

మూడో రోజు వార్డులో సాయం పనులు చేసే ఎమ్మెన్వో కుర్రాణ్ణి పిలిచి, తలకి రాసుకునే కొబ్బరినూనె సీసా చేతికిచ్చాను. ఆ చక్రానికి రెండు చుక్కలు వెయ్యి నాయనా అన్నాను. "అది నా పని కాదమ్మా, మెయింటెనెన్సోల్ల పని" అన్నాడు. నిజమే, అతని పని కాదు. నేను సర్వీసులో ఉంటే నేనూ అదే అనేదాన్ని. సాయంత్రం డ్యూటీ దిగే ముందు తనే వచ్చి సీసా అడిగి పట్టుకెళ్ళాడు. ఆ రాత్రి సిస్టరు నా చెయ్యి పట్టుకునేదాకా నాకు మెలకువ రాలేదు. కొబ్బరినూనె కదా, రెండు రోజులకి మళ్ళీ మొదలైందనుకోండి.

మన దేశంలో 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నియమాల ప్రకారం ఆసుపత్రి చుట్టూ 100 మీటర్లని ప్రభుత్వం నిశ్శబ్ద ప్రాంతంగా ప్రకటించొచ్చు. అక్కడ చప్పుడు పగలు 50 డెసిబెల్స్, రాత్రి 40 దాటకూడదు. గేటు దగ్గర హారను కొట్టే ఆటోవాణ్ణి, పండగ రోజుల్లో డీజే పెట్టేవాళ్ళని మనం తిట్టుకుంటాం. తిట్టాల్సిందే. కానీ లోపలి సంగతో? 1960 నుంచి రకరకాల దేశాల ఆసుపత్రుల్లో కొలిచిన లెక్కల్ని అమెరికాలో జాన్స్ హాప్‌కిన్స్ యూనివర్సిటీ వాళ్ళు 2005లో పోగేసి చూశారు. పగటి సగటు 57 డెసిబెల్స్ ఉండేది 72 అయింది. రాత్రి 42 ఉండేది 60 అయింది. పది డెసిబెల్స్ పెరిగితే చెవికి చప్పుడు ఇంచుమించు రెట్టింపైనట్టు. ఇదంతా రోడ్డు మీంచి వచ్చింది కాదు, లోపల మనం చేసిందే. ఆక్సిజన్ సిలిండరు ఈడ్చడం, ఇనప మంచం జరపడం, మానిటర్ల కూతలు, సెల్‌ఫోన్ పాటలు. మా కబుర్లు కూడా. నైట్ డ్యూటీలో నిద్ర ఆపుకోడానికి నాలుగు మాటలు చెప్పుకుంటాం, అందులో తప్పేం లేదు. కానీ ఒకటి ఆలోచించండి. నర్సుల బల్ల పక్కన మంచం ఎవరికిస్తాం? వార్డులో అందరికంటే సీరియస్‌గా ఉన్న మనిషికి. కంటికెదురుగా ఉండాలని మంచి ఉద్దేశంతోనే ఇస్తాం. మన కబుర్లన్నీ వినేదీ ఆ మనిషే.

తెల్లవారుజామున నాలుగింటికి బీపీ చూస్తాం. ఐదింటికి రక్తం తీస్తాం. ఐదున్నరకి ఊడుస్తారు. ఆరింటికి దుప్పటి మారుస్తాం. దేనికది అవసరమే. కానీ నాలుగుసార్లు లేపే బదులు ఒకసారి లేపి రెండు పనులు కానిస్తే ఆ మనిషికి ఇంకో గంట నిద్ర మిగులుతుంది. నిద్ర లేకపోతే నొప్పి ఎక్కువ తెలుస్తుంది, ఇది నేను కాలు మీద నేర్చుకున్నాను. ఇక ముసలివాళ్ళ సంగతి. పగలంతా బాగానే ఉన్న తాత రాత్రయ్యేసరికి దుప్పటి పీకేసి, సెలైన్ లాగేసి, ఎప్పుడో చనిపోయిన తమ్ముణ్ణి పిలుస్తాడు. ఇంట్లోవాళ్ళు హడలిపోతారు. "అమ్మగోరూ, గాలి సోకినట్టుందమ్మా, సూడండమ్మా" అంటారు. గాలీ కాదు, దెయ్యమూ కాదు. దాన్ని డెలిరియం అంటారు. ఇన్ఫెక్షను, మందులు, ఒంట్లో నీళ్ళు తగ్గడం, ఇలా కారణాలు చాలా ఉంటాయి, ముందు డాక్టరుగారికి చెప్పాల్సిందే. కానీ రాత్రీ పగలూ తేడా తెలీని గది దాన్ని ఇంకా పెంచుతుంది. అందుకని ఆ తాతకి కళ్ళజోడు పెట్టండి. చెవి మిషనుంటే తగిలించండి. పగలు కిటికీ తలుపులు తెరవండి, రాత్రి పెద్ద లైటు ఆర్పండి. గోడ మీద గడియారం పెట్టండి, ఆడే గడియారం. ఆగిపోయిన గడియారం ఉండటం కంటే లేకపోవడం మేలు.

లైటంటే హుద్‌హుద్ గుర్తొస్తుంది. 2014 అక్టోబరు 12. తుఫాను వెళ్ళిపోయాక కూడా కరెంటు లేదు. అర్ధరాత్రి రౌండుకి చిన్న టార్చి పట్టుకుని, వెలుతురు నేల మీద పడేలా వంచి తిరిగాను. నా సర్వీసులో వార్డు అంత ప్రశాంతంగా నిద్రపోవడం అరుదుగా చూశాను. తుఫాను తర్వాత చల్లబడింది కాబట్టి నిద్రపోయారేమో, బతికి బయటపడ్డామన్న అలసటేమో. దీన్ని రుజువని చెప్పను. ఆ తర్వాత నైట్ డ్యూటీల్లో టార్చి వాడటం మాత్రం మానలేదు.

రుజువులంటే, కిటికీ గురించి ఒకటుంది. రోజర్ ఉల్రిచ్ అనే ఆయన 1984లో ప్రచురించాడు. పెన్సిల్వేనియాలో ఒక ఆసుపత్రిలో గాల్‌బ్లాడర్ ఆపరేషన్ అయినవాళ్ళ కేస్ షీట్లు తీశాడు, 1972 నుంచి 1981 దాకా. ఒకే వయసు, ఒకేలాంటి ఒళ్ళు ఉన్నవాళ్ళని జతలు కట్టాడు, 23 జతలు. జతలో ఒకరి కిటికీలోంచి చెట్లు కనిపిస్తాయి, ఇంకొకరికి ఇటుక గోడ. చెట్లు కనిపించినవాళ్ళు సగటున 7.96 రోజులకి ఇంటికెళ్ళారు, గోడ కనిపించినవాళ్ళు 8.70 రోజులకి. గట్టి నొప్పి మందులు కూడా చెట్లవైపు వాళ్ళకి తక్కువ పడ్డాయి. పిల్లలూ, ఇక్కడ మీరు వినాల్సింది ఒకటుంది. ఆయనకి దొరికిన సాక్ష్యాల్లో ఒకటి నర్సులు రాసుకున్న నోట్సు. "ఏడుస్తోంది", "ధైర్యం చెప్పాల్సి వస్తోంది" అని రాసుంటారు చూడండి, అలాంటి మాటలు గోడవైపు వాళ్ళ షీట్లలో ఎక్కువ. ఎవరు చదువుతారులే అని మీరు గీకేసే రెండు ముక్కలు పదేళ్ళ తర్వాత ఎవరో లెక్కపెడతారు. 46 మందే, చిన్న లెక్క. దాన్ని పట్టుకుని ఆసుపత్రి చుట్టూ తోట వేస్తే రోగాలన్నీ పోతాయని ఎవరైనా చెబితే నమ్మకండి.

అసలు దీనికి ఎదురు లెక్క మన మద్రాసులోనే ఉంది. ఒకప్పుడు క్షయ వస్తే గాలీ, వెలుతురూ, విశ్రాంతే వైద్యం. మదనపల్లెలో ఆరోగ్యవరం శానటోరియం 1915 నాటిది, అందుకే కొండగాలి తగిలేచోట కట్టారు. 1956లో మద్రాసులో పరీక్ష మొదలెట్టారు. రోగుల్లో కొందరిని శానటోరియంలో ఉంచారు, కొందరిని వాళ్ళ ఇరుకు ఇళ్ళల్లోనే ఉంచారు. అందరికీ ఏడాదిపాటు అవే మందులు. ఇంటి దగ్గర తిండీ తక్కువే, విశ్రాంతీ తక్కువే. 1959లో ఫలితాలొచ్చాయి, ఇంట్లో ఉన్నవాళ్ళూ దాదాపు అంతే బాగా కోలుకున్నారు. మందు మందే! గాలీ వెలుతురూ దానికి బదులు కాదు. ఇది ఒప్పుకోకుండా నేను వాతావరణం గురించి ఎంత మాట్లాడినా అది కబుర్లకిందే లెక్క.

కానీ ఆ క్షయ క్రిమి పక్క మంచానికి పాకకుండా ఆపడం అనే పని ఒకటుంది కదా, అక్కడ గాలి మళ్ళీ లెక్కలోకి వస్తుంది. పెరూ దేశంలో లిమా ఆసుపత్రుల్లో గదిలో గాలి గంటకి ఎన్నిసార్లు మారుతోందో కొలిచారు, 2007లో అచ్చయింది. ఎత్తైన పైకప్పులు, పెద్ద కిటికీలున్న 50 ఏళ్ళ నాటి పాత కట్టడాల్లో గంటకి 40 సార్లు, కొత్తవాటిల్లో 17 సార్లు. కిటికీలు తెరిస్తేనే సుమా. మన ఊరి పాత మేడలు చూడండి, మండువా లోగిళ్ళు చూడండి. పైకప్పు కింద గాలాడే వెంటిలేటర్లు, ఎదురెదురు తలుపులు. మనవాళ్ళకి లిమా లెక్కలు తెలీకపోయినా విజయనగరం ఎండలు తెలుసు. ఇప్పుడు ఆ వెంటిలేటర్లకి అట్టముక్కలు కొట్టి ఏసీ బిగిస్తున్నాం.

వెలుతురు కూడా అంతే. నర్సుగా నాకు చాలా ఇష్టమైన కథ ఇది. ఇంగ్లండులో రోచ్‌ఫర్డ్ ఆసుపత్రి, 1956. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల వార్డు సిస్టరు జీన్ వార్డ్. ఎండ బావున్న రోజుల్లో పిల్లల్ని బయట పెరట్లోకి తీసుకెళ్ళేది. ఒకరోజు డాక్టర్లకి ఒక బిడ్డని చూపించింది. ఒళ్ళంతా పసుపు తగ్గింది, ఒక్కచోట మాత్రం మూడుకోణాల మచ్చలా గాఢంగా పసుపు. దుప్పటి కొస కప్పి ఉన్నచోటు అది. 1958లో డాక్టర్లు పరిశోధన ప్రచురించారు. ఇవాళ కామెర్లు వచ్చిన పసిబిడ్డని నీలి లైటు కింద పెడుతున్నారే, దాని పుట్టుక అక్కడ. అమ్మమ్మలు పొద్దుటెండలో బిడ్డని చూపిస్తారు, సంతోషం. కానీ పసిరికలు గట్టిగా ఉంటే ఎండ చాలదు, లైటు దగ్గరికే తీసుకురండి.

ఉద్దానం సంగతి చెప్పకుండా మన ప్రాంతంలో ఈ విషయం మాట్లాడలేను. కవిటి, సోంపేట, పలాస. కొబ్బరి, జీడిమామిడి తోటల మధ్య ఊళ్ళు, ఇంటింటా కిడ్నీ జబ్బు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం తెరిచారు. అంతకు ముందు కొన్నాళ్ళు ఆ ప్రాంతంలోనే ఒక డయాలసిస్ యూనిట్‌లో చేశాను. వారానికి రెండుసార్లో మూడుసార్లో, ఒక్కోసారి నాలుగు గంటలు. మిషన్లోంచి నిమిషానికి అర లీటరు నీళ్ళ లెక్కన ఒక్కొక్కరికి 120 లీటర్లు పోతాయి. రక్తం ఒంట్లోంచి బయటికొచ్చి గొట్టాల్లో తిరిగి వెళ్తుందా, మనిషికి చలి పుడుతుంది. అక్కడ ఏసీ మనం తిరిగే వేగానికి, మిషన్లకి సరిపోయేలా పెడతాం. కదలకుండా పడుకున్నవాడు వణుకుతాడు. దుప్పటి, కాళ్ళకి మేజోళ్ళు ఇంటి నుంచి తెచ్చుకోమని మొదటిరోజే చెప్పేదాన్ని.

అక్కడ ఒక పెద్దాయన ఉండేవాడు, తోటలు చేసుకునే మనిషి. "సిస్టరమ్మా, నా మంచం ఇటు కాసి తిప్పీమ్మా, నూతికాడ కొబ్బరి సెట్టు అగుపడతాది" అనేవాడు. మంచం తిప్పడం మాటల్లో ఉన్నంత సులువు కాదు. ఆయన ఫిస్టులా, అంటే డయాలసిస్ సూదులు గుచ్చడానికి ఆపరేషన్ చేసి తయారుచేసిన నరం, ఎడమ చేతికి. మిషను ఎడమవైపే ఉండాలి, నీళ్ళ పైపు గోడకుంది. నేను కుదరదన్నాను. రెండు వారాల తర్వాత ఆయన కోడలు సంతలో ప్లాస్టిక్ చట్రం అద్దం ఒకటి కొనుక్కొచ్చింది. సెలైన్ స్టాండుకి తాడుతో కట్టి, అటూ ఇటూ తిప్పి తిప్పి, చెట్టు మొవ్వు అద్దంలో పడేలా పెట్టాం. ఆయన నాలుగు గంటలూ దాన్నే చూస్తూ, మట్టలు ఎన్ని ఎండాయో, గెల ఎప్పుడు దింపాలో చెప్పేవాడు. రక్తపరీక్షల్లో తేడా వచ్చిందా అంటే రాలేదు. మూడు గంటలకే "ఇప్పీండమ్మా, ఎల్లిపోతాను" అని గొడవ చేసే మనిషి పూర్తిగా నాలుగు గంటలూ ఉండటం మొదలెట్టాడు. డయాలసిస్ తెలిసినవాళ్ళకి ఆ గంట విలువ తెలుసు. ఆ తర్వాత ఆ మంచం కోసం మిగతా పేషెంట్లు తగువులాడుకున్నారు, అది వేరే తలనొప్పి. (నవ్వులు)

ఇప్పుడు చెప్పేది కొంచెం మొహమాటం విషయం, అయినా చెబుతాను. ఒక చోట బాలింతల వార్డుకి నేను హెడ్ నర్సుని. తెల్లారి రౌండుకి వెళ్తే మంచాల పక్కన నీళ్ళ సీసాలు. సాయంత్రం నింపినవి నింపినట్టే ఉన్నాయి. బిడ్డకి పాలివ్వాల్సిన తల్లులు రాత్రంతా చుక్క నీళ్ళు తాగట్లేదు. మూత్రంలో మంటని ఒకరు, మలబద్ధకమని ఒకరు, కళ్ళు తిరుగుతున్నాయని ఒకరు. నీళ్ళు తాగండర్రా అని నేను పాఠం చెప్పేదాన్ని. అందరూ తలూపేవారు. చివరికి ఒక పిల్ల, బొబ్బిలి వైపు నుంచి వచ్చింది, నా చెవిలో చెప్పింది. "తాగితే ఎల్లాలి కదమ్మా. ఆ దొడ్డికి గడియ లేదు. బల్బూ లేదు."

నేనూ రోజూ ఆ దారినే వెళ్ళేదాన్ని. స్టాఫ్ బాత్రూం వేరే ఉంది మాకు. గడియ కోసం ఇండెంటు పెట్టాను, ఎప్పటికొస్తుందో తెలీదు. ఆగలేక నేనే బజారుకెళ్ళి ఒక గడియ, ఒక బల్బు కొని, కార్పెంటరుకి టీ డబ్బులిచ్చి వేయించాను. మర్నాడు సీసాల్లో నీళ్ళు సగానికి దిగాయి. వారానికి తెల్లారేసరికి ఖాళీ సీసాలే. నీళ్ళు తాగమని నేనన్నాళ్ళు చెప్పిన పాఠాలన్నీ కలిపినా ఆ గడియ చేసిన పని చెయ్యలేదు.

ఇదేం కొత్త సంగతి కాదు మన ఊరికి. ఘోషాసుపత్రి అంటారు కదా మీరంతా. ఘోష అంటే పరదా. పరాయి మగవాళ్ళ కంట పడకూడదనుకునే ఆడవాళ్ళు కూడా గడప దాటి వైద్యానికి రాగలిగేలా వేరే ఆసుపత్రి. ఆ పరదా పద్ధతిని నేను మెచ్చుకోవట్లేదు. కానీ చోటు ఎలా ఉంటే మనిషి వస్తుందో ముందు అది ఆలోచించి ఆసుపత్రి పెట్టారు. ఇవాళ కొన్ని కాన్పు గదుల్లో రెండు బల్లల మధ్య తెర ఉండదు, ఉన్నా దగ్గరికి లాగే ఓపిక మనకి ఉండదు. కాన్పు సమయంలో ఒక ఆడమనిషిని తోడు ఉండనివ్వొచ్చని 2016లోనే కేంద్ర ప్రభుత్వం చెప్పింది. పక్కన తోడుంటే నొప్పుల సమయం తగ్గుతుందని, మామూలు కాన్పులు పెరుగుతాయని పరిశోధనలున్నాయి. అయినా "బయటుండమ్మా, బయట" అని తల్లిని తోసేసే గొంతుల్లో ఒకప్పుడు నా గొంతూ ఉంది.

తోడు గురించి ఊరివాళ్ళకీ ఒక మాట. ఒక్కరుండండి, పదిమంది రాకండి. ఆటో నిండా దిగి మంచం చుట్టూ నిలబడి, "మా పెదబాబుకీ ఇలాగే అయింది, మూడోరోజు పోనాడు" అని చెప్పేవాళ్ళని నేను కళ్ళారా చూశాను. (నవ్వులు) ఆ ఒక్కరికీ రాత్రి నడుం వాల్చడానికి చాపైనా, కుర్చీ అయినా ఆసుపత్రి ఇవ్వాలి. మంచం కింద పడుకున్న మనిషి మీంచి మేం ఎన్నిసార్లు దాటామో.

టైమైపోయిందని అక్కడ సైగ చేస్తున్నారు. ప్రశ్నలుంటే టీ దగ్గర అడగండి. పిల్లలూ, మీకొక పని. రేపు డ్యూటీలో మధ్యాహ్నం ఖాళీ మంచం ఏదైనా ఉంటే, చెప్పులు విప్పి, దాని మీద వెల్లకిలా పది నిమిషాలు పడుకోండి. ఫోను చూడకండి, పైకి చూడండి, వినండి. తర్వాత దుప్పటి మార్చెయ్యడం మర్చిపోకండి. హెడ్ నర్సు వచ్చి ఇదేంటి అని అరిస్తే నా పేరు చెప్పండి. మీ హెడ్ నర్సుకి ట్రైనింగిచ్చింది నేనే.